కింది చేను ఆకు ఎందుకు మసకబారింది: పొదిలి వైపు ఒక రైతు పొగాకుపై రెండు సీజన్ల కేస్ స్టడీ

వేలం కేంద్రంలో ఒక బేలు ముందు కొనుగోలుదారు ఆగేది కొన్ని సెకన్లే. మధ్యలోంచి పిడికెడు ఆకు లాగుతాడు. వెలుతురుకు ఎత్తి రంగు చూస్తాడు, వేళ్ల మధ్య నలిపి బిగువు చూస్తాడు, ముక్కు దగ్గర పెట్టుకుంటాడు. నచ్చితే మిషన్ మీద ధర నొక్కుతాడు, నచ్చకపోతే పక్క బేలుకు వెళ్లిపోతాడు. ఆ రోజు మా బాబాయ్ తెచ్చిన పదకొండు బేళ్లలో ఏడింటి ముందు ఒక్కరూ ఆగలేదు. అన్నీ నోబిడ్, అంటే ఎవరూ ధర పెట్టనివి. వాటిని మళ్లీ ట్రాక్టర్‌కు ఎత్తుతుంటే ఆయన ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఇంటికి వెళ్లే దారిలో మాత్రం, "వరుసగా రెండో ఏడు. బ్యారన్ చూసే మనిషిని మార్చాల్సిందే" అన్నాడు. బ్యారన్ అంటే పచ్చి ఆకును వేడితో ఆరబెట్టే గది.

బాబాయ్ అంటే రక్తసంబంధం కాదు. ఊళ్లో పిలుపు వరస. నేను ఇరవై రెండేళ్లుగా ఉమ్మడి ప్రకాశం జిల్లాలో పొగాకు పొలాల వెంట తిరుగుతున్న వ్యవసాయ సలహాదారుణ్ణి. ఈ కేసు పూర్తిగా రాయాలనుకోవడానికి కారణం ఉంది. ఆకులో ఏ రసాయనం ఎంత ఉందో తెలియకుండా గ్రేడు ఎందుకు పడిపోయిందో చెప్పలేమని నాకు బాగా అర్థమైంది ఇక్కడే. దానికి ముందు నేనూ ఒక తప్పు చేశాను. అది కూడా రాస్తున్నాను.

పొలం సంగతి

పొదిలికి పడమరగా ఉన్న ఊరు. ఎర్ర చల్కా నేలలు. పొగాకు బోర్డు లెక్కలో దక్షిణ ప్రాంత తేలిక నేలలంటారు. ఒక బ్యారన్, ఏడెకరాల వర్జీనియా పొగాకు. నాలుగెకరాలు మెరక మీద, ఊరికి దగ్గరగా ఉంటాయి, దాన్ని పై చేను అంటారు. మూడెకరాలు వాగు వైపు పల్లంలో ఉంటాయి, అది కింది చేను. పై చేనుకు పాత బోరు ఉంది. కింది చేనులో మూడేళ్ల కిందట పాత బోరు ఎండిపోతే, పక్కనే కొత్తది 420 అడుగులు దించారు. నీళ్లు బాగా పడ్డాయి. పడినందుకు అందరూ సంతోషించారు, ఆ నీళ్లు ఎలాంటివని ఎవరూ అడగలేదు. నేను కూడా అడగలేదు.

నాట్లు అక్టోబరు చివర, రెలుపులు, అంటే పండిన ఆకులు తెంపడం, జనవరి నుంచి. రెండు చేలకూ నారు ఒకటే, రకం ఒకటే, కూలీలు ఒకటే. ఆకు అంతా ఒకే బ్యారన్‌లోకి వెళ్తుంది.

నేను మొదట చేసిన తప్పు

ఆకు రంగు చెడితే అందరి వేలూ ముందు బ్యారన్ వైపే చూపిస్తుంది. దానికి కారణం లేకపోలేదు. పచ్చని ఆకు బంగారు రంగులోకి మారేది అక్కడే. ఈ పద్ధతి పుట్టుక గురించి ఒక కథ చెబుతారు. 1839లో అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రం, కాస్వెల్ కౌంటీలో స్టీఫెన్ అనే బానిస కుర్రాడు పొగాకు ఆరబెట్టే పాకలో కాపలా ఉండి నిద్రపోయాడట. లేచేసరికి నిప్పు ఆరిపోతోంది. కంగారులో బొగ్గులు తెచ్చి వేసేసరికి ఒక్కసారిగా వేడి పెరిగి, ఆకు మునుపెన్నడూ చూడనంత పసుపు రంగు తేలిందట. బానిస కాబట్టి ఆ లాభం అతనికి దక్కలేదు. ఈ రోజు మన పొదిలిలో, కనిగిరిలో కట్టెలు పెట్టి కాల్చే ప్రతి బ్యారన్ వెనకా ఆ రాత్రి ఉంది.

బ్యారన్‌లో జరిగేది తేలిగ్గా చెప్పుకుంటే ఇది. రెలిచిన ఆకు ఇంకా బతికే ఉంటుంది. మొదటి ఒకటిన్నర, రెండు రోజులు 90 నుంచి 100 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర, తేమ పోకుండా ఉంచితే ఆ ఆకు తనలో దాచుకున్న పిండిని తానే చక్కెరగా మార్చుకుంటుంది. పక్వానికి వచ్చిన పచ్చి ఆకు ఎండు బరువులో పావు వంతుకు పైగా పిండే ఉంటుంది. క్యూరింగ్, అంటే ఈ ఆరబెట్టడం, అయ్యేసరికి అందులో చాలా భాగం చక్కెరలైపోతుంది, కొంత ఆకు శ్వాసకు ఖర్చవుతుంది. అదే సమయంలో పత్రహరితం విరిగిపోయి, దాని కింద ముందు నుంచీ ఉన్న పసుపు వర్ణకాలు, అంటే కెరోటినాయిడ్లు, బయటపడతాయి. తర్వాత వేడి మెల్లగా 120కి తెచ్చి ఆ రంగును నిలబెట్టాలి. 135, 140 దగ్గర ఆకు రెక్క ఆరుతుంది. చివరికి 160 వరకూ తీసుకెళ్తే ఈనె ఎండుతుంది. మొత్తం ఐదారు రోజుల పని.

ఇందులో రెండు వైపులా ప్రమాదముంది. తొందరపడి వేడి పెంచితే పత్రహరితం విరగకముందే ఆకు ఆరిపోయి పచ్చ మిగులుతుంది. ఆలస్యం చేసి, ఆకులో తడి ఉండగానే వేడెక్కిస్తే కణాలు పగిలి లోపలి పాలీఫినాల్స్‌కు, ముఖ్యంగా క్లోరోజెనిక్ ఆమ్లం, రూటిన్‌లకు గాలి తగులుతుంది. కోసిన వంకాయ ముక్క నల్లబడినట్టే ఆకు గోధుమ రంగుకు తిరుగుతుంది.

నేను వెళ్లిన రోజు బ్యారన్‌లో ఆకు సగం పసుపు, సగం బూడిద పచ్చగా ఉంది. పసుపు పూర్తి కాలేదని అనుకుని, కిటికీలు మూసి ఇంకో పది గంటలు ఉంచమన్నాను. క్యూరింగ్ చూసే అతను, "సారూ, పై వరస ఆకు ఇప్పటికే తిరిగిపోయింది, ఇంక ఆగితే మాడిపోద్ది" అన్నాడు. నేను వినలేదు. బ్యారన్ దించేసరికి బాగా రావాల్సిన ఆకు కూడా గోధుమ మచ్చలు పడి స్పంజిలా అయింది. ఒక బ్యారన్ నష్టం నా మాట వల్ల. అతని అనుభవాన్ని పక్కన పెట్టి నా పుస్తకం చదివాను. ఆ తప్పు అతనిదని ఊళ్లో అనుకుంటుంటే, కాదు నాదని బాబాయ్ ముందే చెప్పాను.

ఎర్ర గుడ్డపీలిక

అసలు దారి చూపించింది పిన్ని. ఆకు గ్రేడింగ్ చేసేది ఆడవాళ్లే. ఒక్కో ఆకునూ చేతిలోకి తీసుకుని బ్రైట్, మీడియం, లో గ్రేడ్ అని వేరు చేసేది వాళ్లే. కాబట్టి ఏ ఆకు ఎట్లా వచ్చిందో వాళ్లకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. నేను మండె (ఆకు కుప్ప) దగ్గర కూర్చుని ఆకులు తిరగేస్తుంటే ఆమె అంది: "పై చేను ఆకు బాగానే వస్తా ఉంది నాయనా. కింద చేనుదే ఇట్టా తడి గుడ్డలాగా ఉంటది. పొద్దున్నే పట్టుకుంటే చేతికి అంటుకుంటది."

అది విన్నాక చేయాల్సిన పని స్పష్టమైంది. తర్వాతి రెలుపులో రెండు చేల ఆకూ ఒకే రోజు రెలిపించాం. కింది చేను ఆకు అల్లిన ప్రతి కర్ర చివరా ఎర్ర గుడ్డపీలిక కట్టించాం. బ్యారన్‌లో పైన, మధ్యన, కింద అన్ని వరసల్లోనూ రెండు రకాల కర్రలూ పక్కపక్కనే వేయించాం. ఒకే వేడి, ఒకే తేమ, ఒకే మనిషి. ఈసారి నేను ఒక్క సలహా కూడా ఇవ్వలేదు.

నలభై గంటలప్పుడు ఒక్కో చేను నుంచి ఒక్కో ఆకు తీసి, స్పిరిట్‌లో మరిగించి పచ్చదనం పోగొట్టి, మీద అయోడిన్ చుక్కలు వేశాను. పిండి ఉన్నచోట అయోడిన్ నీలి నలుపుకు తిరుగుతుంది. పై చేను ఆకు మీద అక్కడక్కడ లేత మరకలే పడ్డాయి. పీలిక కట్టిన కర్ర ఆకు సిరా ఒలికినట్టు నల్లగా అయింది. అంటే అక్కడ పిండి ఇంకా చక్కెర కాలేదు. అదే బ్యారన్, అదే గంట.

దించిన రోజు పీలికలున్న కర్రలు వెతకనక్కర్లేకుండా దూరం నుంచే తెలిసిపోయాయి. బురద రంగు, చావు కళ. క్యూరింగ్ చూసే అతను వాటిని ఒకవైపు, మిగతావి ఇంకోవైపు పెట్టి చాలాసేపు అలాగే నిలబడ్డాడు. రెండేళ్లుగా ఊళ్లో మోసిన నింద అతనిది.

అగరుబత్తి, సీసాలో నీళ్లు

ఆకు ఎలా కాలుతుందో చూడటం పాత పరీక్ష. మంట పెట్టకూడదు, నిప్పు అంటించాలి. ఎండిన ఆకు ముక్కను సాగదీసి పట్టుకుని, వెలుగుతున్న అగరుబత్తి కొసను మధ్యలో తాకించాను. పై చేను ఆకులో నిప్పు చిన్న ఉంగరంలా నెమ్మదిగా పాకుతూ పోయింది, వెనక తెల్లటి బూడిద మిగిలింది. కింది చేను ఆకులో బత్తి తీయగానే ఎర్రదనం ఆరిపోయింది. నల్లటి మసి అంచు. నాలుగుసార్లు చేశాను, నాలుగుసార్లూ అంతే.

ఆకు ఆరిపోతోందంటే మొదట అనుమానించాల్సింది క్లోరైడ్‌ను. పొటాషియం నిప్పును నిలబెడుతుంది, క్లోరైడ్ ఆర్పేస్తుంది. గాలిలోని తేమను లాక్కునేది కూడా క్లోరైడే. పిన్ని చెప్పిన తడి గుడ్డ అదే. అలాంటి ఆకు బేలులో మెత్తబడి బూజు పడుతుంది, రంగు చస్తుంది. పొలంలో ఉండగానే గుర్తులుంటాయి. ఆకు మందంగా, పెళుసుగా ఉండి అంచులు పైకి ముడుచుకుంటాయి, పిండి అందులో పేరుకుని బ్యారన్‌లో సరిగా కరగదు. కొద్దిపాటి క్లోరైడ్ మంచిదే, ఆకు చిట్లకుండా మెత్తగా ఉంచుతుంది. 1947లో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థగా మొదలైన రాజమండ్రి సంస్థ చెప్పే లెక్క ప్రకారం వర్జీనియా ఆకులో అది 1.5 శాతం దాటకూడదు. పారించే నీళ్లలో 50 పీపీఎం, అంటే లీటరుకు 50 మిల్లీగ్రాములు, దాటకూడదు.

రెండు బోర్ల నీళ్లూ, వాన నీళ్లూ మూడు గాజు గొట్టాల్లో పోసి, సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేశాను. బాబాయ్, పిన్ని, పక్క చేను రైతులిద్దరు చుట్టూ నిలబడ్డారు. వాన నీళ్లు అలాగే ఉన్నాయి. పై బోరు నీళ్లు కొంచెం మసకేశాయి. కింది బోరు నీళ్లలో చుక్క పడీ పడగానే పాలు విరిగినట్టు తెల్లటి ముద్ద దిగింది. "ఇయ్యేనా మనం పోస్తా ఉంది" అన్నాడు బాబాయ్.

ల్యాబ్‌లో కొలిపిస్తే పై బోరు 45, కింది బోరు 260 పీపీఎం వచ్చాయి. 260 అనే అంకె రైతుకు ఏమీ చెప్పదు. అందుకని అక్కడే నేల మీద కర్రపుల్లతో లెక్క గీసి చూపించాను. ఎకరాకు ఒక పలుచని తడి, అంటే అంగుళం నీరు పెడితే దాదాపు లక్ష లీటర్లు. లీటరుకు 260 మిల్లీగ్రాములంటే ఆ తడితో 26 కిలోల క్లోరైడ్ చేనులో పడుతుంది. ఎర్ర పొటాష్ అని మనమనే ఎంఓపీ (మ్యూరియేట్ ఆఫ్ పొటాష్) 50 కిలోల బస్తాలో ఉండే క్లోరైడ్ దాదాపు 24 కిలోలు. పొగాకుకు ఎర్ర పొటాష్ వేయకూడదని బాబాయ్‌కి ముప్పై ఏళ్లుగా తెలుసు, ఎప్పుడూ వేయలేదు. కానీ ఆ బోరుతో ఒక్కో తడికీ బస్తాకు పైగా వేస్తున్నట్టే. ఆ సీజన్‌లో పెట్టినవి నాలుగు తడులు.

ఎరువుల చీటీలు చూస్తే ఇంకో సంగతి తేలింది. ఎకరాకు రెండు బస్తాల 17-17-17 వేశాడు. ఇలాంటి చాలా కాంప్లెక్స్ ఎరువుల్లో పొటాష్ ఉండేది ఎంఓపీ రూపంలోనే. పేరు వేరు, లోపల ఉప్పు అదే. దాని వల్ల ఎకరాకు మరో 13 కిలోలు. బోరుతో పోలిస్తే తక్కువే అయినా, తెలియకుండా పడిందే.

నికోటిన్, చక్కెర: రెండో ముడి

అక్కడితో ఆపేసి ఉంటే ఈ కేసు సగమే అర్థమయ్యేది. రెండు చేల మధ్య ఆకులూ ల్యాబ్‌కు పంపించాను. పై చేను ఆకులో నికోటిన్ 2.1 శాతం, రెడ్యూసింగ్ చక్కెరలు (గ్లూకోజ్, ఫ్రక్టోజ్ లాంటివి) 16.8 శాతం, క్లోరైడ్ 0.9 శాతం. కింది చేను ఆకులో నికోటిన్ 3.2, చక్కెరలు 8.4, క్లోరైడ్ 2.7.

వర్జీనియా ఆకులో నికోటిన్ 0.7 నుంచి 3 శాతం, రెడ్యూసింగ్ చక్కెరలు 8 నుంచి 24 శాతం మధ్య ఉండాలని ప్రమాణం. కానీ విడివిడి అంకెల కంటే రెండింటి నిష్పత్తి ముఖ్యం. చక్కెరను నికోటిన్‌తో భాగిస్తే 7 నుంచి 13 మధ్య రావాలి. పొగలో నికోటిన్ ఘాటు, క్షార గుణం ఇస్తుంది. చక్కెరలు కాలినప్పుడు పుట్టే ఆమ్లాలు దాన్ని మెత్తబరుస్తాయి. చక్కెర తగ్గి నికోటిన్ పెరిగితే గొంతు పట్టే ఆకు అవుతుంది. చక్కెర మరీ ఎక్కువైతే చప్పగా ఉంటుంది. పై చేను నిష్పత్తి 8. కింది చేనుది 2.6. కొనుగోలుదారు దగ్గర ల్యాబ్ ఉండదు, కానీ అతని వేళ్లకూ ముక్కుకూ ఈ తేడా తెలుస్తుంది. మంచి ఆకు నలిపితే కాస్త నూనె తగిలినట్టు, సాగినట్టు ఉండి తీపి వాసన వేస్తుంది. నిల్వలో ఆ చక్కెరలూ అమైనో ఆమ్లాలూ కలిసి, కెరోటినాయిడ్లు విరిగి ఇచ్చే పదార్థాలూ తోడై వచ్చే వాసన అది. కింది చేను ఆకు నలిపితే గడ్డి వాసన, వెనకే ఘాటు.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. మంచి నిష్పత్తి ఉన్న ఆకు అంటే వ్యాపారంలో మంచి ఆకు అని మాత్రమే అర్థం. తాగేవాడికి హాని తగ్గిందని కాదు. పొగ పీల్చితే జరిగే చెరుపు బ్రైట్ గ్రేడ్‌లోనూ, లో గ్రేడ్‌లోనూ ఉంటుంది. నా పని పండించేవాడు అప్పుల పాలు కాకుండా చూడటం. ఆ పని చేస్తూ ఈ నిజాన్ని దాచడం నాకు ఇష్టం లేదు.

నికోటిన్ ఎందుకు పెరిగింది? నికోటిన్ తయారయ్యేది ఆకులో కాదు, వేళ్లలో. అక్కడ తయారై నీటితో పాటు కాండం గుండా పైకెక్కి ఆకుల్లో నిలవ ఉంటుంది. దాని నిర్మాణంలో నత్రజని ఉంది కాబట్టి నత్రజని ఎక్కువ పెడితే నికోటిన్ పెరుగుతుంది. పూమొగ్గ తుంచినప్పుడు మొక్క దాన్ని గాయంగా తీసుకుంటుంది. వేళ్లు మరింత పెరిగి నికోటిన్ తయారీ ఊపందుకుంటుంది. ఎంత కిందికి తుంచితే అంత తక్కువ ఆకుల్లోకి అంత ఎక్కువ నికోటిన్ వెళ్తుంది. అందుకే పై ఆకుల్లో ఘాటు ఎక్కువ, మధ్య ఆకుల్లో తీపి ఎక్కువ.

కింది చేనులో ఆకు పెళుసుగా, ముడుచుకుని కనపడేసరికి బలం చాల్లేదనుకుని బాబాయ్ నాటిన యాభై రోజులకు మళ్లీ యూరియా వేశాడు. ఆకు బరువు వస్తుందని తలలు బాగా కిందికి తుంచి పద్నాలుగు, పదిహేను ఆకులే ఉంచాడు. ఆలస్యంగా అందిన నత్రజనితో ఆకు పక్వానికి రాలేదు. పచ్చగా, మాంసకృత్తులతో నిండి అలాగే ఉంది. రెలుపులకు గుత్తకు తీసుకున్న కూలీలు వారం ఆగకుండా ఒక్కో చెట్టుకు నాలుగైదు ఆకులు రెలిచేశారు. క్లోరైడ్ వల్ల వచ్చిన రోగానికి నత్రజని మందు వేసినట్టయింది. ఒకదాని మీద ఒకటి పడి ఆకులోని లెక్కంతా చెడింది.

రెండో సీజన్‌లో చేసింది

కింది బోరుతో పొగాకుకు ఒక్క తడి కూడా పెట్టకూడదని మొదటి నిర్ణయం. చెప్పడం తేలిక. మూడెకరాలకు నీళ్లు కావాలి. వాగు గట్టున పూడిపోయిన కుంట ఉంటే దాన్ని వేసవిలో తవ్వించారు. అక్టోబరు, నవంబరు వానలకు అది నిండింది. రెండు తడులు కుంట నీళ్లతో, ఒక తడి పై బోరు నుంచి పైపు వేసి పెట్టారు. ఈశాన్య రుతుపవనాల వానలు కూడా కలిసొచ్చాయి. తేలిక నేల కాబట్టి మంచి వాన పడితే పాత ఉప్పు కొంత కిందికి దిగిపోతుంది. బరువు నేలల్లో ఇంత త్వరగా దిగదు.

కాంప్లెక్స్ ఆపేశాం. డీఏపీ, కాల్షియం అమ్మోనియం నైట్రేట్, పొటాష్ కోసం సల్ఫేట్ ఆఫ్ పొటాష్. ధర ఎక్కువని బాబాయ్ రెండు రోజులు ఆలోచించాడు. "ఎర్ర పొటాష్‌కీ దీనికీ ఇంత తేడానా" అని కొట్లో కూడా వాదించాడట. నత్రజని మొత్తం నాటిన నెల లోపే పూర్తి చేయించాను. తర్వాత చేను ఎంత లేతగా కనపడినా ఒక్క గింజ వేయనివ్వలేదు. ఇది ఆయనకు అన్నిటికన్నా కష్టమైన పని. జనవరిలో చేను పసుపుకు తిరుగుతుంటే రోజూ ఫోన్ చేసేవాడు. "అబ్బాయ్, పక్క చేను నల్లగా ఉంది, మనది చూస్తే టెన్షన్ వస్తా ఉంది" అని. పొగాకులో ఆ పసుపే కావాలి. నత్రజని అయిపోయి ఆకు పక్వానికి వస్తున్న గుర్తు అది.

మొగ్గ కనపడగానే తలలు తుంచి, పద్దెనిమిది నుంచి ఇరవై ఆకులు ఉంచాం. పిలకలు పెరగనివ్వలేదు. రెలుపుకు రెండు మూడు ఆకులే, వారం ఎడం. కూలీలతో ఈ మాటకు గొడవైంది. గుత్త పద్ధతిలో ఎక్కువ ఆకు రెలిస్తేనే వాళ్లకు గిట్టుతుంది, అందులో న్యాయం ఉంది. చివరికి రోజు కూలికి మార్చి ఒప్పందం కుదిరింది. మంచు ఆరాకే చేనులోకి దిగాలని కూడా పెట్టుకున్నాం. తడి ఆకు నుంచి నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి ఎక్కుతుంది. తెల్లవారుజామున మంచులో తడిసి ఆకు మోసిన ఆడవాళ్లకు కళ్లు తిరగడం, వాంతులు నేను చాలా ఏళ్లుగా చూస్తున్నాను. దాన్ని ఎండదెబ్బ అనుకుని మజ్జిగ ఇచ్చి పంపేస్తారు. ఒక గంట ఆలస్యంగా మొదలుపెట్టడం, పాత చొక్కా పొడుగు చేతులవి వేసుకోవడం ఖర్చు లేని పనులు.

బ్యారన్ మాత్రం పూర్తిగా క్యూరింగ్ చూసే అతనికే వదిలేశాను. అతను నన్ను ఒక్కటే అడిగాడు. ఆ అయోడిన్ చుక్కల సంగతి మళ్లీ చూపించమని. ఇప్పుడు కళ్లకు అనుమానం వస్తే ఆకు తీసి పరీక్షించి చూసుకుంటున్నాడు.

ఏం వచ్చింది, ఏం రాలేదు

కింది చేను మధ్య ఆకులో ఈసారి క్లోరైడ్ 1.4, నికోటిన్ 2.4, చక్కెరలు 14.1 శాతం. నిష్పత్తి 2.6 నుంచి దాదాపు 5.9కి వచ్చింది. 7 దాటలేదు. అగరుబత్తి నిప్పు ఇప్పుడు పాకుతోంది, పై చేను ఆకంత సాఫీగా కాదు. రంగు నిమ్మపండుకు దగ్గరగా వచ్చింది. బేళ్లలో ఎక్కువ భాగం మీడియం, కొన్ని బ్రైట్.

అడుగు ఆకులు మాత్రం నిరాశపరిచాయి. వాటిలో క్లోరైడ్ ఇంకా 1.9 దగ్గరే ఉంది. మొక్క మొదట వేసే ఆకులు అవి, నేలలో మిగిలిన పాత ఉప్పును ముందు తాగేది వాటి కణాలే. ఆ అడుగు ఆకులను విడిగా మండె కట్టించి, విడిగా బేలు చేయించాం. బాగున్న ఆకుతో కలిపేస్తే మొత్తం బేలు పోతుంది. వాటిలో రెండు బేళ్లు నోబిడ్ అయ్యాయి. మూడోసారి వేలానికి తెస్తే తక్కువ ధరకు పోయాయి.

వాగు అంచున అరెకరం అసలు కోలుకోలేదు. ఎండాకాలంలో అక్కడ నేల మీద తెల్లగా ఉప్పు తేలుతుంది. పాత నీళ్లన్నీ పారి నిలిచింది అక్కడే. ఆ అరెకరం లెక్క వేరుగా రాయించాను. ఎరువు, నారు, కూలి, కట్టెలు పోను చేతికి మిగిలిందేమీ లేదు. ఈ ముక్కలో పొగాకు వద్దని చెప్పాను. కుంట నీళ్లతో అది ఎన్నేళ్లకు బాగుపడుతుందని బాబాయ్ అడిగితే, వానలను బట్టి ఉంటుందన్నాను. ఇప్పుడు అందులో పశువుల జొన్న వేస్తున్నారు. కింది బోరు నీళ్లు దానికే వాడుతున్నారు. జొన్న ఆ మాత్రం ఉప్పుకు తట్టుకుంటుంది, దాన్ని ఎవరూ తగలబెట్టి చూడరు.

నా మనసులో మిగిలిన ప్రశ్న ఒకటుంది. బాగు ఎంత నీళ్ల వల్ల, ఎంత నత్రజని తగ్గించడం వల్ల, ఎంత ఆకు పండనిచ్చి రెలవడం వల్ల వచ్చిందో విడదీయలేకపోయాను. మూడూ ఒకేసారి మార్చాం. పరిశోధన కేంద్రమైతే ఒక్కో మడిలో ఒక్కోటి మార్చి చూస్తుంది. నోబిడ్‌తో రెండేళ్లు దెబ్బతిన్న రైతును మూడేళ్లు ఆగమని అడగలేను. క్లోరైడ్ తగ్గడం మటుకు ఎక్కువగా నీళ్ల వల్లేనని, కాంప్లెక్స్ ఆపడం వల్ల కొంతేనని చెప్పగలను. అడుగు ఆకుల్లో నెమ్మదిగా, మధ్య ఆకుల్లో త్వరగా తగ్గిన తీరు దానికే సరిపోతుంది.

ఈ ఏడు ఆగస్టులో నారుమళ్లు పోయకముందే ఊళ్లో వాళ్లు సీసాల్లో నీళ్లు తీసుకుని నా దగ్గరకు రావడం మొదలుపెట్టారు. తెచ్చేవాళ్లకు చెప్పేది ఇదే. మోటారు వేసి అరగంట పోనిచ్చాకే పట్టండి. సీసాను ఆ నీళ్లతోనే మూడుసార్లు తొలవండి, సబ్బుతో కడిగిన సీసా తేవద్దు. మీద బోరు పేరు, లోతు, తేదీ రాయండి. వానల తర్వాత ఒకసారి, ఎండాకాలం మధ్యలో ఒకసారి చూపించండి. బాబాయ్ కింది బోరే మొదట కొలిచినప్పుడు 260 ఉన్నది మే నెలలో 310కి చేరింది.